పీత భుజం

జూన్ 4

కెప్టెన్ గారికి,

ఒడ్డున మిగిలిన ముగ్గురి తరఫున నమస్కారాలు. చిట్టి, అత్తయ్య, నేను బాగున్నాం. నువ్వూ నీ పీతా కూడా బాగున్నారని తలుస్తాను. నువ్వు కెప్టెన్‌వి కావని, ఓడలో ఆ హోదా ఇంకొకాయనదని తెలుసు. కానీ సముద్రం అడుగున మన రోబో పీత ఎటు నడవాలో, ఏ పైపుని ఎలా పట్టుకోవాలో చెప్పేది నువ్వు. కాబట్టి మన ఇంట్లో ఆ బిరుదు నీకే ఉంచాం.

ఈ ఉత్తరాన్ని విడిభాగాల పెట్టెలో స్పాంజి కింద పెడుతున్నాను. ఇకనుంచి సరుకుల పడవ వచ్చినప్పుడల్లా పెట్టె అడుగుదాకా వెతుకు. ఓడ ఫోనులో వారానికోసారి మనకిచ్చే పది నిమిషాలనూ చిట్టే మింగేస్తోంది. దాని పన్ను కదలడం, పక్కింటి పిల్లి ఈనడం అయ్యేసరికి నా వాటాకి "సరే, ఉంటాను మరి" ఒక్కటే మిగులుతోంది. ఉన్న మాటలన్నిటిలోకీ నాకు నచ్చని మాట అదే.

ముందు పని సంగతి. మీ క్రేను గురించి నువ్వు రాసింది మేనేజరు గారికి చదివి వినిపించాను. అల కాస్త లేస్తే చాలు, తాడుకి వేలాడే పీత ఊగి ఓడ పక్కకి గుద్దుకుంటోందని, అందుకే దాన్ని నీళ్ళలోకి దించకుండా రోజుల తరబడి కూర్చుంటున్నారని, వారాల్లో అయిపోవలసిన పైపు తనిఖీ నెలలు పడుతోందని. ఆయన అంతా విని, అయితే పీత బరువు తగ్గించరాదూ అన్నారు. కిటికీ మూసేయరాదూ అన్నంత తేలిగ్గా.

ఎంత తగ్గించాలి అని అడిగాను. నలుగురు మనుషులు చేతులతో ఎత్తి దించగలిగితే చాలన్నారు. అప్పుడు క్రేను అక్కర్లేదు. క్రేను అక్కర్లేకపోతే అంత పెద్ద ఓడా అక్కర్లేదు. తనిఖీ చేయాల్సిన పైపులో మిగిలిన సగం రేవుకి దగ్గర్లోనే ఉంది. చిన్న పడవలో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

"అప్పుడు మీ ఆవిడ రోజూ ఇంటికొచ్చి భోంచేస్తుందయ్యా. ఇది నా మాట" అన్నారు.

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే లెక్క మొదలుపెట్టాను.

పీత ఇప్పుడు నూట ముప్ఫై కిలోలు. నలుగురు ఎత్తాలంటే తొంభైకి దిగాలి. బరువంతా ఎముకల్లో ఉంది: చట్రం, మోటార్లను పట్టుకునే బిగింపులు, చేతిని మోసే భుజాలు, అన్నీ లోహపు దిమ్మల్లోంచి కోసి తీసినవి. వాటిని ఒక్కొక్కటిగా మార్చి త్రీడీ ప్రింటరులో నైలాన్‌తో చేయాలని నా ఆలోచన. ఎముక తేలికైతే దాన్ని తేల్చడానికి పెట్టిన నురగ దిమ్మలు కూడా తగ్గుతాయి. ఒక దెబ్బకి రెండు పిట్టలు. ఎడమ భుజంతో మొదలుపెట్టాను. ఏ వైపు నుంచి ఎంత బలం పడుతుందో చెబితే కంప్యూటరు బలం పడని చోటల్లా కొరికేసి, కోడి ఎముకలాంటి ఆకారం చేతిలో పెట్టింది. ఇంత సన్నటిది నీ చేతి బరువు మోస్తుందా అని మొదట నేనే నమ్మలేదు. మోస్తోంది. ఈ పెట్టెలో పంపుతున్నది అదే.

ఇంటి సంగతులు. నైలాన్ పొడి జుట్టులోకి, కనుబొమల్లోకి చేరుతోంది. అల్లుడుగారు పిండిమరలో చేరారేమోనని అత్తయ్య పక్కింటావిడతో అన్నారు, నాకు వినబడేలా. నీ కుర్చీ మీద ఉతికిన బట్టలు పెట్టడం మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మొన్న తీసేసి కుర్చీ ఖాళీ చేశాను. ఖాళీ కుర్చీ ఇంకా బాగాలేదు. మళ్ళీ పెట్టేశాను.

ఇట్లు,
బరువు తగ్గించే పనిలో ఉన్న
నీ ఇంటాయన


జూన్ 25

కెప్టెన్ గారికి,

ఎడమకి ఒరిగిన పీతకీ, దాన్ని నిలబెట్టలేక తిట్టుకున్న నీకూ నా క్షమాపణలు. మిగతా క్షేమ సమాచారాలు ఎప్పటిలాగే.

నువ్వు తిప్పి పంపిన భుజం అందింది, ఉత్తరమూ అందింది. నీళ్ళలోకి దిగగానే పీత ఎడమ పక్క పైకి లేచిందని, లోతుకి పోయేకొద్దీ అదే పక్క కిందికి వాలిపోయిందని, నేను సంతనుంచి సంచీ మోసుకొచ్చేటప్పుడు ఎలా ఉంటానో అచ్చం అలాగే ఉందని రాశావు. పోలిక నాకు నచ్చలేదు కానీ చాలా ఉపయోగపడింది. మొదట తేలి తరవాత మునిగిందంటే తప్పు బరువులో లేదు, గాలిలో ఉంది.

జరిగింది చెబుతాను. ఈ యంత్రం పొడిని పల్చగా పరిచి, కావలసిన చోట లేజరుతో కరిగించి, దాని మీద మళ్ళీ పొడి పరుస్తుంది. అలా పొర మీద పొర. పని అయ్యాక బోలు ఎముకల్లోపల కరగని పొడి మిగిలిపోతుంది. అది బయటికి రావడానికి చిన్న కన్నాలు వదులుతాం. పొడి ఊది తీసేశాక ఆ కన్నాలు చూసి నాకు మనసొప్పలేదు. ఒక్కొక్కటే జిగురు పెట్టి పూడ్చాను. లోపల గాలి ఉంటే ఇంకా తేలిక కదా అనుకున్నాను. అంత శ్రద్ధగా చేసిన పని ఈ మధ్య ఇంకోటి లేదు.

లోతు నీళ్ళ ఒత్తిడి పెట్టి భాగాల్ని పరీక్షించే ట్యాంకు చూసే ఆవిడ నీకు తెలుసు, మన ట్యాంకమ్మ. భుజాన్ని రంపంతో అడ్డంగా కోసి చూపించింది. లోపలి గోడలు కొన్ని నలిగి అప్పడాల్లా ఉన్నాయి. కొన్నిటిలోకి నీళ్ళు ఊరాయి. నలిగిన కొద్దీ గాలికి చోటు తగ్గింది, గాలి తగ్గిన కొద్దీ పీత ఒరిగింది. ఆవిడ రంపం పక్కన పెట్టి నా వైపు చూసింది.

"తమ్ముడూ, పడవ చేసే బుద్ధితో చేపని చేశావు" అంది.

పడవకి కన్నం పడితే పూడుస్తాం. చేపకి మొప్పలు పూడిస్తే చస్తుంది. చదువుకున్నది నేనే, పూడ్చిందీ నేనే. అక్కడే ఉన్న మేనేజరు గారు దాన్ని కొత్త సామెతలా నోట్లో నానబెట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా పంచిపెట్టారు. ఇప్పుడు నేను టీకి వెళితే చేప వచ్చిందంటున్నారు.

కొత్త భుజంలో పూడ్పులు లేవు. అన్ని వైపులా తెరిచి వదిలాను, నీళ్ళు ఒక పక్క దూరి ఇంకో పక్క పోయేలా. లోపలా బయటా ఒకే నీళ్ళుంటే నలిపేవాడెవడూ లేడు. ఈ నైలాన్‌కి నీళ్ళలో బరువంటూ దాదాపు లేదు కాబట్టి తేల్చాల్సిన పనీ లేదు. అడుగున కూడా కన్నాలు పెట్టాను, పైకి తీసేటప్పుడు మీ చేతుల్లో నీళ్ళ బరువు ఉండకుండా కారిపోతుంది. ఇది పెట్టెలో ఉంది. బిగించి చూసి రాయి.

చిట్టికి పన్ను ఊడింది. నీకు చూపించేదాకా పారేయనని అగ్గిపెట్టెలో పెట్టుకుంది. అది నిద్రపోయే ముందు నీ గురించి అడగదు, నిద్ర లేచాకా అడగదు. సాయంత్రం దీపం వేసే వేళకి మాత్రం వీధి తలుపు దాకా వెళ్ళి ఒకసారి చూసి వస్తుంది. ఎందుకు వెళ్ళావు అంటే చెప్పులు చూడడానికి అంటుంది. ఆ వంశంలో అబద్ధం ఆడడం సరిగ్గా వచ్చినవాళ్ళు లేరు, నీ వైపు చెబుతున్నాను.

ఇట్లు,
చేప


జులై 16

కెప్టెన్ గారికి,

నడుం పట్టేసిన నలుగురి తరఫున వందనాలు. అందరం బతికే ఉన్నాం.

పీత నిటారుగా నిలబడిందన్న కబురు వర్క్‌షాపులో అందరికీ వినబడేలా చదివాను. దాని వీపు మీద టీ గ్లాసు పెట్టినా తొణకదని రాశావు. సముద్రం అడుగున టీ గ్లాసు ఎలా పెడతారని ట్యాంకమ్మ అడిగింది. నీ మాట నీ ఇష్టం అని చెప్పాను.

పరీక్షల కోసం ఇక్కడ ఉంచుకున్న ఇంకో పాత పీతకి మిగతా ఎముకలన్నీ కొత్తవి చేసి బిగించాం. ఎనభై తొమ్మిది కిలోలు తూగింది. కాటా చూపే అంకె చాలదు, ఎత్తి చూడాలన్నాను. మేనేజరు గారు, ట్యాంకమ్మ, గేటు కాపలాదారు, నేను నాలుగు మూలలా పట్టుకున్నాం. వర్క్‌షాపు ఈ చివరి నుంచి ఆ చివరికి మోశాం, దించాం. మేనేజరు గారు దించాక సరిగ్గా లేవలేకపోయారు. అయినా మాట తప్పలేదు. ఆ వంగిన నడుంతోనే వెళ్ళి చిన్న పడవ కాగితాల మీద సంతకం చేసి వచ్చారు. ఈ ఓడ ప్రయాణం ముగిశాక మిగిలిన పైపు పని రేవు నుంచే. నడిపే మనిషి పేరు రాసే చోటు ఖాళీగా ఉంచారు. నీ మాట వచ్చాక రాస్తారట.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. అందులో చిన్న పడవ గురించి ఒకే వాక్యం ఉంది: చిన్న పడవ కబురు విన్నాను, మంచిది. దాని తరవాత ఒకటిన్నర పేజీ ఇంకో ఓడ గురించి ఉంది.

శాస్త్రవేత్తల ఓడ. ఏడాది ప్రయాణం. సముద్రం అడుగున వేడి నీళ్ళు నల్లటి పొగలా ఎగజిమ్మే చోటికి, ఏ వెలుగూ ఎన్నడూ చేరని చోటికి. ఆ ఓడ చిన్నది, దాని మీద పెద్ద క్రేను పట్టదు, అందుకే ఇన్నాళ్ళూ బరువైన రోబోలు దాని మీదికి ఎక్కలేదు. చేతులతో దించే పీత వస్తోందని విని, పీతనీ దాన్ని నడిపే మనిషినీ కూడా అడిగారని రాశావు. అడిగారంతే, నేనేమీ అనలేదు అని కూడా రాశావు.

ఏమీ అనని విషయం గురించి ఒకటిన్నర పేజీ రాసే మనిషివి కావు నువ్వు. మన పెళ్ళి కబురు మీ అమ్మకి నాలుగు లైన్లలో రాశావు. అందులో ఒక లైను వాతావరణం.

అక్కడి లోతు మీ పైపు లోతుకి పదింతలు. పీతలో మిగతావి ఆ లోతుకి సరిపోయేలా మొదట్లోనే కట్టారు. కొత్తగా వచ్చినవి నా ఎముకలే, వాటిలో అసలు బలం పడేది భుజం మీద. కాబట్టి ఆ ఓడకి మన పీత పనికొస్తుందా లేదా అన్నది భుజం తేల్చాలి. భుజం చేసింది నేను గనక పరీక్షా నాదే, సంతకమూ నాదే. మేనేజరు గారు అడిగారు. గోడలు కొంచెం దళసరి చేసి ఇంకో భుజం తీసి పరీక్షిస్తానని చెప్పాను.

అత్తయ్యకి ఈ ఓడ సంగతి చెప్పాను. చిన్నప్పుడు నూతిలోకి వంగి చూడొద్దంటే నువ్వు వినేదానివి కాదని, కొట్టినా మళ్ళీ వెళ్ళి చూసేదానివని ఆవిడ చెప్పారు. అందులో ఏముందే అంటే, కనబడడం లేదుగా, అందుకే చూస్తున్నాను అనేదానివట. నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు నువ్వు.

ఇంటికి రా అని ఈ ఉత్తరంలో రాయకూడదనుకున్నాను. చూడు, రాసేశాను.

ఇట్లు,
నీ ఒడ్డు మనిషి


ఆగస్టు 6

నా కెప్టెన్‌కి,

నమస్కారాల వంతు ఈసారి చిట్టిది. అది ఒక చెయ్యి కాగితం మీద పెట్టి, రెండో చేత్తో పెన్సిలు పట్టుకుని చుట్టూ గీసి ఇచ్చింది. వేరే మడిచి పెట్టాను. వేళ్ళు ఆరు ఎందుకున్నాయంటే మధ్యలో చెయ్యి కదిలింది.

చిన్న పడవ రేవుకి వచ్చింది. నీలం రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. వెనక భాగంలో చిన్న గది, అందులో నీ కంప్యూటరు తెరలకి బల్ల, బల్ల ముందు కిటికీ. కూర్చుని చూశాను, కాళ్ళు చాపుకోవడానికి చోటుంది. రేవు నుంచి మన వీధి మలుపుకి బస్సుంది. దిగి నడిస్తే చిట్టి లెక్కలు చేయడం అయ్యేలోగా ఇంట్లో ఉంటావు. లెక్కలు నాకు వదిలేసి తెలుగు పద్యం నువ్వు చెప్పుకోవచ్చు. పద్యం దగ్గర మేమిద్దరం ఓడిపోతున్నాం.

అత్తయ్య నీ దిండు ఎండలో వేశారు. నువ్వు వచ్చేది ఇంకా ఖాయం కాలేదు కదా అన్నాను. ఆ సంగతి దిండుకి తెలియదు కదా బాబూ అన్నారు.

మొన్న చిట్టి ఒక ప్రశ్న అడిగింది. నువ్వు పీత లోపల కూర్చుంటావని ఇన్నాళ్ళూ అనుకుందట. కాదు, అమ్మ పైన ఓడలో కూర్చుని తెర మీద చూస్తూ తీగ ద్వారా నడుపుతుందని చెప్పాను. అయితే ఆ తీగ ఇంకాస్త పొడుగు చేసి మన ఇంట్లో కూర్చుని నడపొచ్చుగా అంది. మేనేజరు గారిని అడిగి చెబుతానన్నాను. అడిగాను. అంత తీగ మోయడానికి ఇంకో ఓడ కావాలన్నారు.

నీకు చెప్పని విషయం ఒకటుంది. మీరు పంపే పైపు వీడియోలు తనిఖీ కోసం మా ఆఫీసుకి వస్తాయి. భుజం ఎలా ఉందో చూడాలని మొదటిసారి అడిగి తెప్పించుకున్నాను. ఆ తరవాత అడగడానికి కారణాలు కల్పించాను. వాటిలో నువ్వు కనబడవు, మాట వినబడదు. బురద, పైపు, అప్పుడప్పుడూ ఒక చేప, తెర అంచున యంత్రం చెయ్యి. అది దేన్నైనా పట్టుకునే ముందు మణికట్టుని కొంచెం లోపలికి తిప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పట్టుకుంటుంది. బిగుసుకున్న సీసా మూత తీసేటప్పుడు నువ్వు చేసేది అదే. ఇంకో ఇద్దరు నడిపేవాళ్ళ వీడియోలు కూడా చూశాను. వాళ్ళు అలా ఆగరు. కాబట్టి ఏ వీడియో నీదో పేరు చూడకుండానే చెప్పగలను. ఆఫీసులో వాళ్ళు నన్ను పైపుల మీద ఇంత ఆసక్తి ఉన్న మనిషి అనుకోలేదంటున్నారు.

లోతు పరీక్ష గురించి అడుగుతావు. దళసరి భుజాన్ని ట్యాంకులో పెట్టాం. ఫలితం ఇంకా నా చేతికి రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేను. శాస్త్రవేత్తలు ఈ సరుకుల పడవ తిరిగొచ్చేసరికి నీ మాట కావాలంటున్నారు. చిన్న పడవకి ఇంకో మనిషిని వెతుక్కోవాలా అని మేనేజరు గారూ అడుగుతున్నారు. ఏదీ తేలనిదాని కోసం ఎదురుచూడడం ఎందుకు? చిన్న పడవకి సరేనని రాసి పంపు. పడవ బాగుంది. కిటికీ లోంచి రేవంతా కనబడుతుంది.

ఇట్లు,
నీ

తా.క. పెట్టె మూత బిగించబోయి మళ్ళీ తీశాను. పైన రాసినవాటిలో ఒక మాట నిజం కాదు. పరీక్ష ఫలితం వచ్చింది, మొన్ననే వచ్చింది.

ఆ లోతులో ఉండే ఒత్తిడి పెట్టి, చేతికి పూర్తి బరువు తగిలించి, దాన్ని ట్యాంకులో ఉంచాం. బయటికి తీశాక కొలతలు నేనే తీశాను. ఒకసారి తీసి మళ్ళీ తీశాను. రెండోసారి, ఎక్కడైనా వెంట్రుకవాసి వంగి ఉంటే బాగుండునని తీశాను. వంగలేదు. పరీక్ష నెగ్గితే ఆ ఏడుపు మొహమేమిటి తమ్ముడూ అంది ట్యాంకమ్మ. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నీకు రాసేటప్పుడే చెయ్యి రాలేదు.

నువ్వు ఇంటికి రావాలి. అది మాత్రం మొదటి ఉత్తరం నుంచీ నిజమే. కానీ నువ్వు చిన్న పడవ ఎక్కితే అది నీకు నచ్చి ఎక్కాలి. నేను దాచిన కాగితం వల్ల ఎక్కకూడదు.

పెట్టెలో రెండు భుజాలున్నాయి. పైన ఉన్నది చిన్న పడవ పనికి. దాని కింద గుడ్డలో చుట్టి పెట్టింది లోతుకి. రెండిటికీ మరలు ఒకటే, నీ దగ్గరున్నవే సరిపోతాయి. ఏది బిగించుకోవాలో నువ్వు చూసుకో. జవాబు వేరే రాయక్కర్లేదు. మిగిలినదాన్ని తిరుగు పడవలో పంపు. పెట్టె నేనే విప్పుతాను.